నీరు పల్లమెరుగు... మీటరు ఎత్తెరుగు!

ప్రపంచం వాడే కరెంటులో సుమారు 4 శాతం నీళ్లను తోడటానికి, పంపటానికి, శుద్ధి చేయటానికే పోతోంది. 2014 నాటి వాడకంపై అంతర్జాతీయ ఇంధన సంస్థ తేల్చిన లెక్క ఇది. పల్లానికి ఊరికే పారే నీరు ఎత్తుకు మాత్రం పైసా తగ్గకుండా వసూలు చేస్తుంది. ఆ వసూళ్లలో రికార్డులు కొట్టినవాళ్లూ, ఒక్క పైసా కట్టకుండా తప్పించుకున్నవాళ్లూ ఈ జాబితాలో ఉన్నారు.

ముందు కొలబద్ద

మన తాటిచెట్టు ఎత్తు 20 మీటర్లు అనుకుందాం. ఒక యూనిట్ కరెంటు చుక్క వృథా కాకుండా పనిచేస్తే వెయ్యి లీటర్ల నీటిని 367 మీటర్లు ఎత్తుతుంది. అంటే 18 తాటిచెట్లు! భౌతికశాస్త్రం ఇచ్చే గరిష్ఠ రాయితీ ఇదే. పంపు 70 శాతం సామర్థ్యంతో నడిస్తే అదే యూనిట్‌కు 13 తాళ్లు కూడా పూర్తిగా ఎక్కదు. ఇక ఈ ‘18 తాళ్ల యూనిట్’ చేతబట్టుకుని బయల్దేరదాం.

ఎత్తుల వీరులు

ఒంటి ఊపులో కొండ దాటించేది

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్మన్‌స్టన్ పంపింగ్ కేంద్రం టెహాచపి కొండల మీదికి నీటిని ఒకే ఊపులో 587 మీటర్లు ఎత్తుతుంది. అంటే 29 తాళ్లు, మధ్యలో మజిలీ లేకుండా! ఇంత పెద్ద ప్రవాహాన్ని ఒక్క దశలో ఇంత ఎత్తుకు పంపే కేంద్రం ప్రపంచంలో మరొకటి లేదు. మోటార్లు 14. ఒక్కోటి 80,000 హార్స్‌పవర్. మన పొలంలో తిరిగే 5 హెచ్‌పీ మోటార్లు 16,000 కలిస్తే అక్కడి ఒక్క మోటారు! ఈ కేంద్రం భాగంగా ఉన్న నీటి పథకమే ఆ రాష్ట్రంలో అతిపెద్ద కరెంటు వినియోగదారు.

మెట్టు మెట్టుకూ ఎక్కే రాజధాని నీరు

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. మెక్సికో సిటీకి నీళ్లందించే కుట్జమాలా వ్యవస్థ దశలవారీగా నీటిని మొత్తం 1,100 మీటర్లు ఎత్తుతుంది. 55 తాటిచెట్లు! నష్టాలన్నీ పక్కన పెట్టినా వెయ్యి లీటర్లకు 3 యూనిట్లు. కుళాయి తిప్పకముందే మీటరు మూడు గీతలు తిరిగేసింది.

మన దేశంలో మెట్లెక్కే నగరం

బెంగళూరు తాగే కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల అవతలి తొరెకాడనహళ్లి నుంచి వస్తుంది. మూడు దశల్లో సుమారు 500 మీటర్లు ఎక్కాలి. 25 తాళ్లు. కాగితం లెక్కలోనే వెయ్యి లీటర్లకు దాదాపు 1.36 యూనిట్లు. కావేరి పథకం ‘ఐదో దశ’ 2024 అక్టోబరులో మొదలైంది. దానితో రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు ఈ మెట్లెక్కుతున్నాయి.

కొలత కొలిచినట్టు సరిపోయిన నగరం

నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సగటున 540 మీటర్ల ఎత్తున ఉంది. తేడా 360 మీటర్లు. 18 తాళ్లు! కొలబద్దకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. వందకు పైగా కిలోమీటర్లు నడిచి నగరం చేరే ప్రతి వెయ్యి లీటర్ల కృష్ణమ్మ ఎత్తు కోసమే ఒక యూనిట్ మింగుతుంది. పైపుల రాపిడి, పంపుల నష్టం దానికి అదనం. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో పనుంది.

బాహుబలి మోటార్లు

కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లోని గాయత్రి పంపుహౌస్ భూగర్భంలో ఉంటుంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగం. పత్రికలు ‘బాహుబలి’ అని పేరు పెట్టిన ఇక్కడి మోటారు ఒక్కోటి 139 మెగావాట్లు. అలాంటివి 7. పొలం మోటార్లు 37 వేలకు పైగా కలిస్తే ఒక బాహుబలి! కాలిఫోర్నియా మోటారు బలం దీని ముందు సగానికి లోపే. ఎత్తులో మాత్రం గెలుపు వాళ్లదే. అక్కడ 29 తాళ్లయితే ఇక్కడ అయిదున్నర. మనవి ఎత్తు తక్కువ, నీళ్లెక్కువ: ఒక్కో పంపు 3,000 క్యూసెక్కులకు పైగా తోడేస్తుంది.

ఆకాశంలో కుళాయి

దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మనుషులు మసలే చిట్టచివరి అంతస్తే 585 మీటర్ల మీద ఉంది. సగటున రోజుకు 9,46,000 లీటర్లు ఈ భవనంలో పైకెక్కుతాయి. అట్టడుగు కుళాయికీ ఆఖరి కుళాయికీ మధ్య 29 తాళ్ల తేడా. కింద కుళాయిలో నీళ్లు, పైన కుళాయిలోనూ అవే నీళ్లు. ధర మాత్రం ఒకటి కాదు.

పల్లం వీరులు

అన్నిటికంటే ముసలిది

ఇరాన్‌లోని గొనాబాద్ ఖనాత్ వయసు సుమారు 2,700 ఏళ్లు. కొండవాలులో తవ్విన తల్లిబావి లోతు 300 మీటర్లకు పైమాటే. 15 తాళ్ల లోతు! అక్కడి నుంచి భూమి లోపల సొరంగం 33 కిలోమీటర్లు వాలుగా సాగి నీటిని బయటికి తెస్తుంది. బావులు 400 పైచిలుకు. పంపులు సున్నా. కరెంటు సున్నా. 2016లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

అతి బల్లపరుపుది

రోమ్‌కు క్రీ.పూ. 19లో తెచ్చిన ఆక్వా వర్గో కాలువ పొడవు సుమారు 20 కిలోమీటర్లు. ఆ దారి మొత్తం మీద నీరు దిగేది 4 మీటర్లే. తాటిచెట్టులో అయిదో వంతు! అంటే కిలోమీటరుకు ఒక జానెడు. ఆ దారినే బాగుచేసి నడుపుతున్న నీళ్లే నేడు ప్రఖ్యాత ట్రెవీ ఫౌంటెన్‌లో ఎగసిపడుతున్నాయి.

అతి అందమైన పొదుపు

ఫ్రాన్స్‌లోని నీమ్ నగరానికి రోమన్లు వేసిన నీటి కాలువ పొడవు 50 కిలోమీటర్లు. మొత్తం దిగుడు సుమారు 12.6 మీటర్లు. ఒక్క తాటిచెట్టు ఎత్తు కూడా లేదు! ఆ కాస్త వాలు చెడిపోకుండా నది దాటించడానికి 49 మీటర్ల ఎత్తున, మూడంతస్తుల తోరణాలతో పోన్ దు గార్ వంతెన కట్టారు. వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు వాలు 2.5 సెంటీమీటర్లే. బొటనవేలి వెడల్పు. లేజర్లు లేవు, కంప్యూటర్లు లేవు.

అతి పొడవైన సొరంగం

న్యూయార్క్ నీటి సరఫరాలోని డెలావేర్ ఆక్విడక్ట్ పొడవు 137 కిలోమీటర్లు. ప్రపంచంలోనే అతి పొడవైన సొరంగం. ఇంచుమించు హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా భూగర్భంలో! వెడల్పు 4 మీటర్లే. నగరం రోజూ వాడే దాదాపు 100 కోట్ల గ్యాలన్లలో సగం దీని గుండానే వస్తుంది. అసలు విశేషం వేరే ఉంది. న్యూయార్క్ నీటిలో 95 శాతానికి పైగా కొండల మీది జలాశయాల నుంచి గ్రావిటీతోనే నగరంలోకి దిగుతుంది. ఆకాశహర్మ్యాల మహానగరం నీటికి కట్టే బిల్లు పల్లం పుణ్యమా అని తేలికైంది.

కరెంటు తినకపోగా పెట్టేది

ఆస్ట్రియా రాజధాని వియన్నా మొదటి పర్వత జలమార్గం 1873 అక్టోబరు 24న తెరుచుకుంది. 1910లో తెరిచిన రెండోదాని పొడవు 180 కిలోమీటర్లు. ఆల్ప్స్ ఊటల్లో బయల్దేరిన చుక్క నగరం చేరడానికి 36 గంటలు. దారిలో ఒక్క పంపు లేదు. పైగా ఆ దిగుడులోనే జలవిద్యుత్ కేంద్రాలు పెట్టి కరెంటు తీస్తున్నారు. బెంగళూరు నీరు యూనిట్లు మింగుతూ వస్తే వియన్నా నీరు యూనిట్లు కక్కుతూ వస్తుంది!

మన కాలువ పల్లం మొనగాడు

తెలుగుగంగ! 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా కుదిరిన ఒప్పందం. 1996లో కృష్ణ నీరు తమిళనాడు గడప తొక్కింది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. చెన్నైకి నీళ్లిచ్చే పూండిది 140 అడుగులు. తేడా 227 మీటర్లు, అంటే 11 తాళ్ల దిగుడు. పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు, పూండి... సుమారు 400 కిలోమీటర్ల దారి గ్రావిటీ మీదే నడుస్తుంది. ఒకే కృష్ణ. హైదరాబాద్‌కు 18 తాళ్లు ఎక్కుతుంది, పూండికి 11 తాళ్లు దిగుతుంది.

అతి పొడవైన ఇంటింటి పైపు

తెలంగాణ మిషన్ భగీరథ 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైంది. పైపులైన్లు 1.3 లక్షల కిలోమీటర్లకు పైగా. భూమధ్యరేఖ చుట్టూ మూడు చుట్లు చుట్టి ఇంకా మిగులుతుంది! నదుల నుంచి నీటిని ముందు గుట్టల మీదికి ఎక్కించి, అక్కడి నుంచి ఊళ్లకు వదలడమే దీని కిటుకు. పైపుల్లో 98 శాతం గ్రావిటీతో పారేలా రూపొందించామన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క. ఒక్కసారి ఎక్కించు, వెయ్యి ఊళ్లకు దించు.

కరెంటెరుగని యంత్రాలు

చక్రాల చక్రవర్తి

సిరియాలోని హమా నగరంలో ఒరొంటీస్ నది ఒడ్డున తిరిగే నీటి చక్రాల్లో పెద్దదాని వ్యాసం సుమారు 20 మీటర్లు. తాటిచెట్టే చక్రమై తిరిగినట్టు! 14వ శతాబ్దం నాటిది. నది తోస్తుంది, చక్రం తిరుగుతుంది, నదే తన నీటిని తాను పైకెత్తుకుంటుంది.

అతి ఆర్భాటమైనది

ఫ్రాన్సు రాజు 14వ లూయీ వెర్సాయ్ తోటల ఫౌంటెన్ల కోసం 1684 నాటికి మార్లీ యంత్రం కట్టించాడు. సెన్ నదిలో 12 మీటర్ల వ్యాసమున్న చక్రాలు 14. పంపులు 200కు పైగా. ఎత్తు 150 మీటర్ల పైచిలుకు. ఏడెనిమిది తాళ్లు. చప్పుడుకు చుట్టుపక్కల వారికి నిద్ర లేదు. 133 ఏళ్లు పనిచేసింది. ఇంధనం? నది ప్రవాహం.

అతి పొదుపరి పంపు

వేడిగాలి బెలూన్ ఎగరేసిన మోంగోల్ఫియే సోదరుల్లో జోసెఫ్ 1796లో హైడ్రాలిక్ ర్యామ్ పంపు కనిపెట్టాడు. కదిలే భాగాలు రెండే, రెండు కవాటాలు. వేగంగా వచ్చే నీటిని ఠక్కున ఆపితే పైపులో పుట్టే దెబ్బే దీని బలం. 2 మీటర్ల దిగుడులో 100 లీటర్లు పారితే అందులో ఆరేడు లీటర్లను తాటిచెట్టు కొనకు చేరుస్తుంది. పగలూ రాత్రీ, జీతం భత్యం లేకుండా.

మన వీధి చాంపియన్

ఊరి నడుమ ‘బోరింగు’ గుర్తుందా? దాని అసలు పేరు ఇండియా మార్క్-2. 1970ల చివర్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారై ప్రపంచం మొత్తం పాకింది. 50 మీటర్ల లోతు దాకా, అంటే రెండున్నర తాళ్లు, చేత్తో తోడొచ్చు. 25 మీటర్ల లోతు నుంచి 15 లీటర్ల బిందె నింపితే నీటికి చేరే శక్తి యూనిట్‌లో వెయ్యో వంతు! వెయ్యి బిందెలు తోడిన అమ్మ చేతికి మీటరు చూపించేది ఒకే ఒక యూనిట్.

గీత గీసేవాళ్ల రికార్డులు

అతిపెద్ద పొదుపు సూత్రం

నాలుగంగుళాల పైపు తీసి ఎనిమిదంగుళాలది వేయండి. అంతే నీరు పంపితే రాపిడి నష్టం ఎంత తగ్గుతుంది? సగమా? కాదు. నాలుగో వంతా? కాదు. దాదాపు 32వ వంతుకు పడిపోతుంది! వ్యాసం పది శాతం పెంచినా నష్టం మూడో వంతుకు పైగా మాయం. పైపు డబ్బు ఒక్కసారి పోతుంది, సన్నపైపు కరెంటు ప్రతి నెలా పోతుంది.

అతి లావు గొట్టం

లిబియా ‘మహా మానవ నిర్మిత నది’ పైపుల వ్యాసం 4 మీటర్లు. మనిషి మీద మనిషి నిలబడ్డా తల తగలదు! ఎడారి అడుగున 1,300కు పైగా బావులు. చాలావాటి లోతు 500 మీటర్ల పైనే, పాతిక తాళ్లు. రోజుకు 65 లక్షల ఘనపు మీటర్లు పంపాలన్నది లక్ష్యం. పని 1984లో మొదలైంది.

వేగం తగ్గించి గెలిచేది

పంపు వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది లాగే కరెంటు సగానికి దిగుతుంది. 0.8ని మూడుసార్లు గుణించి చూడండి: 0.512! వాల్వు బిగించి నీటిని ఆపడం బ్రేకు తొక్కి బండి నడపడం లాంటిది. మోటారు వేగాన్ని తగ్గించే పరికరం వీఎఫ్‌డీ పెట్టడం యాక్సిలరేటర్ వదలడం లాంటిది. ఒక్క షరతు: ఖర్చంతా ఎత్తుకే పోయే చోట ఇంత లాభం రాదు. రాపిడి ఎక్కువున్న చోటే దీని రాజ్యం.

చిన్న లెక్క, పెద్ద చిక్కు

ఒక నీటి పైపుల వలలో ఎనిమిదే పైపులు. ఒక్కోదానికి 14 సైజుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. 1977 నుంచి పరిశోధకులు కుస్తీ పడుతున్న ఈ బుల్లి వలలో ఎన్ని రకాల జవాబులో తెలుసా? 147,57,89,056! భారతీయులందరికీ తలా ఒకటి పంచితే సరిపోయేంత. న్యూయార్క్ సొరంగాల లెక్కలో 21 పైపులు, 16 ఎంపికలు. జవాబుల సంఖ్యలో 26 అంకెలు. స్పెయిన్‌లోని బలెర్మా సాగునీటి వలలో 454 పైపులు, 10 సైజులు. ఒకటి పక్కన 454 సున్నాలు! కనిపించే విశ్వంలోని పరమాణువులకే ఒకటి పక్కన 80 సున్నాలు చాలంటారు.

అతి చవకైన సహాయకుడు

1936లో అమెరికా ప్రొఫెసర్ హార్డీ క్రాస్ కాగితం, పెన్సిలుతో పైపుల వలలను సాధించే పద్ధతి చెప్పాడు. ఒక ఊరి వలకు రోజులు పట్టేది. 1993లో అమెరికా పర్యావరణ సంస్థ ‘ఎపానెట్’ అనే సాఫ్ట్‌వేర్‌ను లోకానికి ఊరికే ఇచ్చింది. వేల పైపుల ఊరైనా క్షణాల్లో తేలుస్తుంది. ధర అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా.

కారనివాళ్లు, కాచుకున్నవాళ్లు

చుక్క వదలని నగరం

కారిన ప్రతి లీటరూ కరెంటు తాగి కారిందే. టోక్యోలో 1950లలో అయిదో వంతు నీరు నేలపాలయ్యేది. ఇప్పుడు సుమారు 3 శాతమే! పైపులు సుమారు 27,000 కిలోమీటర్లు. ఊరు నిద్రపోయాక సిబ్బంది నేలకు కడ్డీ ఆనించి చెవిపెట్టి వింటారు. డాక్టరు గుండె విన్నట్టు.

అతి వేగంగా మారిన నగరం

కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో బిల్లుకు రాకుండా పోయే నీరు 72 శాతం. నాలుగు బిందెల్లో మూడు గల్లంతన్నట్టే! ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు పగ్గాలు పట్టాక అది 6 శాతం దగ్గరికి దిగింది. ఆయనకు 2006లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. కొత్త నది తవ్వలేదు. ఉన్న నీటినే పట్టుకున్నాడు.

పైపులో కరెంటు ఫ్యాక్టరీ

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో తాగునీటి పైపులోనే నాలుగు టర్బయిన్లు పెట్టారు. 2015లో తిరగడం మొదలెట్టాయి. సామర్థ్యం 200 కిలోవాట్లు, సుమారు 150 ఇళ్లకు సరిపడా. ఎక్కువైన ఒత్తిడిని వాల్వుతో చంపే బదులు దానితో పని చేయించారు.

మురుగులో మాణిక్యం

డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో మార్సెలిస్‌బోర్గ్ మురుగుశుద్ధి కేంద్రం తాను వాడేదానికంటే ఎక్కువ శక్తి తయారుచేస్తుంది. మురుగు నుంచి తీసిన గ్యాసే ఇంధనం.

అతి ఖరీదైన చుక్క

సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి మేలైన కేంద్రాల్లో కూడా వెయ్యి లీటర్లకు సుమారు 3 యూనిట్లు. కొలబద్ద తీయండి: 55 తాళ్లు! మెక్సికో కొండెక్కించినంత పని. 2021లో సౌదీ అరేబియా సంస్థ 2.27 యూనిట్లతో గిన్నిస్‌కెక్కింది. ఆ శక్తి వెయ్యి లీటర్లను 833 మీటర్లు ఎత్తగలదు. బుర్జ్ ఖలీఫా కొస దాటి మరో అయిదు మీటర్లు!

రైలెక్కిన నీరు

2016 కరువులో మహారాష్ట్రలోని లాతూరుకు మిరజ్ నుంచి సుమారు 340 కిలోమీటర్లు రైల్లో నీళ్లు తెచ్చారు. 50 వ్యాగన్ల రైలైతే ఒక్కో ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. పైపు లేని చోట నీటికి టికెట్ కొనాల్సిందే.

సంపు అక్కర్లేని ఊరు

2021 జులైలో ఒడిశాలోని పూరీ, 24 గంటలూ కుళాయి దగ్గరే తాగే నీళ్లిచ్చే తొలి భారతీయ నగరమైంది. అన్నివేళలా ఒత్తిడి ఉన్న పైపు తనే మేడెక్కుతుంది. గంటసేపే నీళ్లొచ్చే ఊళ్లో ఆ ఒత్తిడి సంపులో పడగానే సున్నా. మళ్లీ ఇంటింటికీ ఒక మోటారు ఎత్తాలి. ఎక్కిన కొండ దిగి మళ్లీ ఎక్కడమన్నమాట.

చివరి రికార్డు మీ ఇంట్లో

ఇక ఇందాకటి అంకె బయటికి తీయండి. మూడంతస్తుల మేడ మీది ట్యాంకు ఎత్తు 12 మీటర్లు. మోటారు కట్టడం మరచి వెయ్యి లీటర్లు పొర్లిపోతే, ఇంటి మోటారు ఎంత నాసిరకమైనా మీ మీటరులో తిరిగేది ఇంచుమించు యూనిట్‌లో పదో వంతు. కానీ హైదరాబాదీ ఇంట్లో ఆ నీరు సాగర్ నుంచి వచ్చినదైతే, 18 తాళ్లు ఎక్కి అప్పటికే ఒక యూనిట్‌కు పైగా తినేసి వచ్చింది. మీ బిల్లులో కనిపించేది పదో వంతు, ఊరు కట్టేది దానికి పది రెట్లు. ట్యాంకు నిండగానే మోటారు కట్టేయండి!